పెరట్లో గెజిబో కట్టించాలంటే: కాంట్రాక్టర్ని పెట్టుకునే ముందు, పెట్టుకున్నాక

పెరట్లో గెజిబో (స్తంభాల మీద కప్పుతో, చుట్టూ తెరిచి ఉండే చిన్న మండపం) వేయించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "చదరపు అడుగుకు ఎంతవుతుంది?" దీనికి ఫోన్లోనే రేటు చెప్పేసే కాంట్రాక్టర్లు బోలెడుమంది. కానీ ఆ రేటులో పైపు మందం ఎంతో, గుంత లోతు ఎంతో, పెయింటు ఎన్ని కోటులో ఉండదు. ఒకరు 2 మిల్లీమీటర్ల పైపుకు లెక్క చెబుతారు, ఇంకొకరు 4 మిల్లీమీటర్లకు. కాగితం మీద మాత్రం రెండూ "ఎం.ఎస్. పైపు (మామూలు ఇనుప పైపు) గెజిబో, 12 బై 12" అనే ఉంటాయి. పని తక్కువ రేటు చెప్పినవాళ్లకు పోతుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి స్తంభాల అడుగున తుప్పు పొరలు లేస్తాయి.

అందుకని రేటు అడగకముందే మీకేం కావాలో అంకెల్లో రాసుకోవాలి. ఇక్కడ ఉదాహరణగా 12×12 అడుగుల గెజిబో తీసుకున్నాం: నాలుగు ఇనుప స్తంభాలు, నాలుగు వైపులా వాలే మంగుళూరు పెంకు కప్పు. ఆరుగురు టేబులు చుట్టూ కూర్చోవడానికి ఈ సైజు సరిపోతుంది. నలుగురికే అయితే 10×10 చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అప్రూవ్ అయిన ఇంటి ప్లాను కాపీ
- 30 అడుగుల టేపు, ముగ్గుపిండి, మేకులు, నూలు దారం
- 10 మీటర్ల పారదర్శక ట్యూబు (నీళ్లు నింపి మట్టం చూడటానికి)
- వెర్నియర్ కాలిపర్. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలుది చాలు, ఈ పనిలో మీ డబ్బును ఎక్కువగా కాపాడేది ఇదే
- తేదీతో ఫోటోలు తీసే ఫోను, ఒక నోటుబుక్కు

1. స్థలం తేల్చుకోండి

12×12 అంటే స్తంభాల మధ్య కొలత. కప్పు చూరు నాలుగు వైపులా అడుగున్నర బయటికి వస్తుంది కాబట్టి నేల మీద 15×15 అడుగుల చదరం ముగ్గుతో గీసి చూడండి. సాయంత్రం కుర్చీలు వేసుకుని ఆ గీత లోపల కూర్చుని చూస్తే ఎండ ఎటునుంచి వస్తుందో తెలిసిపోతుంది. గీత గీశాక ఇవి చూడండి:

- నేల కింద: సెప్టిక్ ట్యాంకు, సంపు, డ్రైనేజీ పైపు ఎక్కడున్నాయి? స్తంభం గుంత వీటికి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. ప్లానులో గీసినచోటే సెప్టిక్ ట్యాంకు ఉంటుందనుకోకండి. ఇల్లు కట్టిన మేస్త్రిని అడగండి, లేదా మూత వెతికి పట్టుకోండి.
- తల పైన: కరెంటు తీగలు. 11 కేవీ లైను దగ్గరలో ఉంటే కప్పు అంచుకు, తీగకు మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. తీగ గాలికి ఊగుతుందని గుర్తుపెట్టుకుని ఇంకాస్త ఎక్కువే వదలండి. పని జరిగేటప్పుడు 20 అడుగుల పైపును నిలబెట్టేవాళ్లకు అసలు ప్రమాదం ఈ తీగలతోనే.
- కొబ్బరిచెట్టు: దాని కిందకి పెంకు కప్పు రాకూడదు. మట్ట పడినా పెంకు పగులుతుంది.
- పక్కవాళ్ల గోడ: చూరు నీళ్లు వాళ్ల స్థలంలో పడకూడదు. పడితే తగాదా తప్పదు.
- సెట్‌బ్యాకు: మున్సిపాలిటీ నిబంధనల ప్రకారం ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో పక్కా కప్పు వేస్తే ప్లాను ఉల్లంఘన అవుతుంది. పని మొదలుపెట్టకముందే టౌన్ ప్లానింగ్ విభాగంలో లేదా పంచాయతీలో అడగండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. "అందరూ వేసుకున్నారు సార్" అనే కాంట్రాక్టర్ మాట నోటీసు వచ్చినప్పుడు పనికిరాదు.

వాస్తు పట్టింపు ఉన్న ఇంట్లో ఈశాన్యంలో బరువు వద్దంటారు. పెద్దవాళ్లను, సిద్ధాంతిని అడిగేది ఉంటే ముగ్గు గీసిన రోజే అడిగేయండి. కాంక్రీటు పోశాక స్థలం మార్చాలంటే గుంతల ఖర్చంతా మట్టిపాలే.

తరువాత ఒక మూల గడ్డపారతో నాలుగడుగులు తవ్వించి మట్టి చూడండి. ఎర్రమట్టి, మొరం అయితే ఇబ్బంది లేదు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి స్తంభాన్ని కదిలిస్తుంది. అక్కడ మొరం తగిలేదాకా, లేదా కనీసం 5 అడుగులు తవ్వాలి. ఇది ముందే తెలిస్తే కొటేషన్‌లోకి వస్తుంది. తెలియకపోతే సగం పనిలో "ఎక్స్‌ట్రా" అవుతుంది.

2. కప్పు ఏదో నిర్ణయించుకోండి

స్తంభాల సైజు, పునాది, వాలు అన్నీ కప్పును బట్టే ఉంటాయి. ఇనుము కొన్నాక కప్పు మార్చకండి.

*మంగుళూరు పెంకు:* చల్లగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ బరువు. 15×15 అడుగుల కప్పు 30 డిగ్రీల వాలులో దాదాపు 260 చదరపు అడుగులవుతుంది. పెంకులు 360 దాకా పడతాయి. కోతలో, దింపుడులో పగిలేవాటికి కలుపుకుని 400 తెప్పించండి. నాలుగు మూలవాసాల (శిఖరం నుంచి మూలలకు దిగే వాసాలు) మీద కప్పే రిడ్జ్ పెంకులు మరో 50. పెంకు రెండున్నర కిలోలనుకున్నా మొత్తం ఒక టన్ను. వానకు తడిస్తే ఇంకా పెరుగుతుంది. కోతులు తిరిగే ఊళ్లో మాత్రం పెంకు జోలికి పోకండి. ఏటా పెంకులు మార్చుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

*రంగు ప్రొఫైల్ షీటు:* కోతులున్నచోట ఇదే మేలు. 0.5 మిల్లీమీటర్ల మందానికి తగ్గకండి. వాన పడితే చప్పుడు బాగా ఉంటుంది, మే నెల మధ్యాహ్నం కింద కూర్చోలేం. కింద సీలింగు వేయించుకుంటే రెండూ తగ్గుతాయి.

*తాటాకు, రెల్లు:* చల్లదనంలో వీటికి సాటి లేదు. అయితే రెండు మూడేళ్లకోసారి తిరగవేయించాలి. దీపావళికి టపాసులు కాల్చే వీధిలో వద్దు. కింద పొయ్యి, బార్బెక్యూ అసలే వద్దు.

*పాలీకార్బొనేట్ షీటు:* వెలుతురు కోసం బాగుంటుంది. మన ఎండలకు కప్పంతా దీనితో వేస్తే పగలు ఉపయోగపడదు.

పెంకుకు 30 డిగ్రీల వాలు తగ్గకూడదు. 12 అడుగుల గెజిబోలో స్తంభాల తలమట్టం నుంచి శిఖరం దాకా 3 అడుగుల 6 అంగుళాల ఎత్తు రావాలని దాని అర్థం. ఇనుము ఆదా చేయడానికి కాంట్రాక్టర్లు దీన్ని రెండున్నర అడుగులకు దించేస్తారు. అప్పుడు ఎదురుగాలి వానకు నీళ్లు పెంకు సందుల్లోంచి వెనక్కి ఎక్కి లోపల కారతాయి. ఎంత సిమెంటు పూసినా అది ఆగదు, ఎందుకంటే లోపం వాలులో ఉంది.

నాలుగు వాలుల కప్పులో మూలవాసాల దగ్గర ప్రతి పెంకునూ ఏటవాలుగా కోయాలి. చేయి తిరిగిన పెంకు మేస్త్రి దొరకని చోట రెండు వాలుల కప్పు వేయించుకోండి. కోత తక్కువ, కారే సందులూ తక్కువ.

3. స్పెసిఫికేషన్ కాగితం రాయండి

దీన్ని నలుగురు కాంట్రాక్టర్లకూ ఒకేలా ఇవ్వాలి. ఇందులో ఫుటింగు అంటే గుంత అడుగున పోసే కాంక్రీటు దిమ్మ, పెడస్టల్ అంటే దాని మీద నిలిచే పొట్టి కాంక్రీటు స్తంభం, బేస్ ప్లేటు అంటే ఇనుప స్తంభం అడుగున ఉండే ప్లేటు, జె-బోల్టులు దాన్ని కాంక్రీటుకు పట్టి ఉంచేవి, పెంకు పట్టీలు అంటే పెంకులు ఆనే సన్న పైపులు. 1:4:8 లాంటివి సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు. మీ కొలతలకు తగ్గట్టు మార్చి వాడుకోండి:

> సైజు: స్తంభాల మధ్య నుంచి మధ్యకు 12×12 అడుగులు. ఫ్లోరు నుంచి బీము అడుగుకు 8 అడుగులు. చూరు 1½ అడుగు. వాలు 30 డిగ్రీలు.
> గుంతలు: 4, ఒక్కోటి 2½×2½ అడుగులు, లోతు 4 అడుగులు. అడుగున 4 అంగుళాల 1:4:8 బెడ్డు.
> ఫుటింగు: 2½×2½ అడుగులు, మందం 1 అడుగు, 10 ఎం.ఎం. రాడ్ల మ్యాట్ 6 అంగుళాలకు ఒకటి.
> పెడస్టల్: 12×12 అంగుళాలు, 12 ఎం.ఎం. రాడ్లు 4, 8 ఎం.ఎం. రింగులు 6 అంగుళాలకు ఒకటి. తల ఫ్లోరు కంటే 2 అంగుళాలు పైకి.
> కాంక్రీటు: ఎం20 (1:1½:3).
> బేస్ ప్లేటు: 200×200×10 ఎం.ఎం., 16 ఎం.ఎం. జె-బోల్టులు 4, పొడవు 450 ఎం.ఎం., డబుల్ నట్టు, వాషర్.
> స్తంభాలు: 100×100×4 ఎం.ఎం. బీములు: 100×50×3.2. మూలవాసాలు: 80×40×3.2. వాసాలు: 60×40×2.6, 3 అడుగులకు ఒకటి. పెంకు పట్టీలు: 25×25×2, పెంకు కొలతను బట్టి, సుమారు 12½ అంగుళాలకు ఒకటి.
> పైపులన్నీ ఐఎస్ 4923 ముద్ర ఉన్నవి. తెరిచిన చివరలన్నీ ప్లేటుతో మూసి వెల్డింగ్ చేయాలి.
> పెయింటు: ప్రైమర్ 2 కోట్లు, ఎనామిల్ 2 కోట్లు. పట్టీలకు పెంకు ఎక్కకముందే అన్ని కోట్లూ పూర్తి కావాలి.

ఈ లెక్కకు ఇనుము 650 నుంచి 700 కిలోలు, పునాదులకు సిమెంటు దాదాపు 10 బస్తాలు పడతాయి. ఎవరైనా 400 కిలోల ఇనుముతో అయిపోతుందంటే పైపు మందం తగ్గించారని అర్థం.

సముద్రతీర జిల్లాల్లో ఉన్నవాళ్లు ఇంకో రెండు లైన్లు చేర్చండి. మొదటిది, మామూలు ఇనుముకు బదులు జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), వెల్డింగ్ చేసిన ప్రతిచోటా జింకు పెయింటు. ఉప్పు గాలికి మామూలు ప్రైమర్ నిలవదు. రెండోది, ప్రతి స్తంభం తల దగ్గర బీముకు ఏటవాలుగా రెండు వైపులా 2 అడుగుల ఊతపైపులు. భారత ప్రమాణాల్లో డిజైనుకు తీసుకునే గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ ఆ స్థాయి గాలిని చూసింది. నాలుగు వైపులా తెరిచి ఉన్న కప్పును గాలి కిందనుంచి పైకి లేపుతుంది. పెంకు కప్పుకు ఒక టన్ను బరువు సాయముంటుంది. షీటు కప్పుకు అదీ ఉండదు కాబట్టి దానికి బోల్టులు, పునాది బరువు ఇంకా ముఖ్యం. తీరంలో షీటు కప్పు వేయించేవాళ్లు పునాది సైజు, బోల్టుల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఒకసారి చూపించుకోవాలి.

4. కాంట్రాక్టర్ని వెతకండి

గెజిబోలో మూడు రకాల పని ఉంది: సివిల్, వెల్డింగ్, పెంకు. ఈ మూడూ తనే బాగా చేసేవాళ్లు అరుదు. ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లకు ఇనుము తెలుసు, పునాది తెలియదు. మేస్త్రికి పునాది తెలుసు, వెల్డింగ్ ఇంకొకరితో చేయిస్తాడు. ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు అన్నీ మేమే అంటారు, మూడు పనులూ మూడు చేతులకు వెళ్తాయి. ఎవరికిచ్చినా ఫరవాలేదు. బాధ్యత ఒక్కరిదే అని కాగితంలో ఉండాలి. "బోల్టులు మేస్త్రి తప్పుగా పెట్టాడు, నేనేం చేయను" అన్న మాట వెల్డర్ నోట రాకుండా చూసుకోవడమే దీని ఉద్దేశం.

ప్రతి కాంట్రాక్టర్ చేసిన రెండు పాత పనులు చూడండి. అందులో ఒకటి కనీసం మూడు వానాకాలాలు దాటినది కావాలి. కొత్త పని ఫోటోలో అందంగానే ఉంటుంది. అక్కడికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని స్తంభం అడుగు చూడండి. పెయింటు బుడగలుగా ఉబ్బిందా? గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలుతుందా? తరువాత లోపల నిలబడి పైకి చూడండి. పెంకు సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుందా, పట్టీల మీద నీటి చారలున్నాయా? చివరగా ఆ ఇంటివాళ్లను ఒకటే అడగండి: "డబ్బంతా ఇచ్చాక పిలిస్తే వచ్చారా?"

5. కొటేషన్లు పోల్చండి

మొత్తం అంకె ఒక్కటే ఇస్తే తీసుకోకండి. ఇనుము కిలో రేటు, పునాది మొత్తం, పెంకు పని రేటు, ఫ్లోరు, పెయింటు విడివిడిగా రాయమనండి. జీఎస్టీ కలిపా, విడిగానా? రవాణా, దింపుడు కూలి ఎవరిది? వెల్డింగ్ మెషీనుకు కరెంటు మీదా, వాళ్లదా? ఇవన్నీ ముందే అడగాలి.

మెటీరియల్‌తో సహా ఇవ్వాలా, కూలీ కాంట్రాక్టుకు ఇవ్వాలా అన్నది చాలామందికి సందేహం. రోజూ సైటులో ఉండగలిగితే ఇనుము మీరే కొని కూలీకివ్వండి, నాణ్యత మీ చేతిలో ఉంటుంది. ఉద్యోగానికి పోయేవాళ్లయితే, విదేశాల్లో ఉండి అమ్మానాన్నల ఇంట్లో కట్టిస్తున్నవాళ్లయితే మెటీరియల్‌తో సహా ఇచ్చి, కింద చెప్పిన తనిఖీలు గట్టిగా చేయించుకోవడం నయం. కూలీ కాంట్రాక్టులో ఒక చిక్కుంది: ముక్కలు వృథా అయితే నష్టం మీదే. కోత లెక్క ముందే రాయించుకోండి.

గేజీల్లో మాట్లాడితే మిల్లీమీటర్లలోకి మార్చుకోండి: 16 గేజీ అంటే 1.6, 14 అంటే 2, 12 అంటే 2.6, 10 అంటే 3.2 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ పైపు పలచబడుతుంది. "16 గేజీ హెవీ సార్" అంటే నమ్మకండి.

6. కాగితం, డబ్బు

తెలిసినవాళ్లే అయినా, బంధువే అయినా అగ్రిమెంటు రాసుకోండి. స్టాంపు పేపరు మీద అయితే మంచిది. స్పెసిఫికేషన్ కాగితాన్ని దానికి జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. పూర్తి చేయాల్సిన తేదీ, పనివాళ్లకు ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, అదనపు పని ఉంటే ముందు రేటు రాసుకున్నాకే మొదలుపెట్టాలన్న షరతు అందులో ఉండాలి.

చెల్లింపులు ఇలా విడగొట్టండి:

- అడ్వాన్సు 15 శాతం
- పునాదులు, బోల్టులు పూర్తయ్యాక 20
- ఇనుము సైటుకు వచ్చి తూకం, మందం సరిచూశాక 30
- ఫ్రేము నిలబెట్టి ప్రైమర్ కొట్టాక 15
- పెంకు, ఫ్లోరు, పెయింటు పూర్తయ్యాక 10
- మొదటి వానాకాలం గడిచాక 10

ఇనుము కొనాలని సగం డబ్బు ముందే అడుగుతారు. అప్పుడు ఇనుము షాపుకు మీరే నేరుగా చెల్లించి బిల్లు మీ పేరున తీసుకోండి. ఏ చెల్లింపైనా బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో చేస్తే లెక్క నిలుస్తుంది.

పని మొదలుపెట్టడానికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కోస్తాలో తుపాన్లు డిసెంబరులోనూ వస్తాయి కాబట్టి సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే నిశ్చింత. జూన్ వానలకు ముందే కప్పు వేయడం పూర్తవ్వాలి.

7. పని జరిగేటప్పుడు మీరు తప్పక ఉండాల్సిన నాలుగు రోజులు

రోజూ కాపలా కాయనక్కర్లేదు. కానీ ఒక పని ఇంకో పని కింద కప్పడిపోయే రోజున మీరు అక్కడ ఉండాలి. తరువాత చూద్దామంటే కనిపించదు.

*కాంక్రీటు పోసే ముందు.* నాలుగు గుంతల లోతూ మీరే టేపు పెట్టి కొలవండి. స్తంభాల మధ్య కర్ణాలు రెండూ కొలవండి. 12 అడుగుల చదరానికి ఒక్కోటి 16 అడుగుల 11½ అంగుళాలు దాటి, 17 అడుగులకు కాస్త తక్కువగా రావాలి. రెండింటి మధ్య తేడా అరంగుళం మించితే మూల తిరిగిందని అర్థం, పోయనివ్వకండి. రాడ్ల మ్యాట్ మట్టిని తాకకుండా కింద 2 అంగుళాల కవర్ బిళ్లలు పెట్టారో లేదో చూడండి. జె-బోల్టులు చేత్తో పట్టుకుని పాతనివ్వకండి. బేస్ ప్లేటునే అచ్చుగా వాడి, దాని రంధ్రాల్లో బోల్టులు బిగించి, ప్లేటుతో సహా మట్టం చూసి పోయాలి. ఇలా చేయకపోతే బోల్టు అరంగుళం పక్కకి జరుగుతుంది. అప్పుడు వెల్డర్ గ్యాస్ కట్టర్‌తో ప్లేటు రంధ్రాన్ని పెద్దది చేస్తాడు, వాషర్ ఆ రంధ్రంలోకి కూరుకుపోయి బిగువు పోతుంది.

కాంక్రీటు కలిపేటప్పుడు బస్తా సిమెంటుకు నీళ్లు 25 నుంచి 27 లీటర్లు మించకూడదు. పనివాళ్లు జారుగా ఉంటే పోయడం తేలికని బకెట్లతో పోస్తూనే ఉంటారు. బకెట్లు లెక్కపెట్టండి. తరువాత పెడస్టళ్లకు తడి గోనెపట్టా చుట్టి పది రోజులు ఆరనివ్వకండి. ఏడు రోజుల్లోపు ఫ్రేము ఎక్కించనివ్వకండి.

*ఇనుము దిగిన రోజు.* పైపు కోసిన చివర కాలిపర్ పెట్టి మూడు నాలుగుచోట్ల మందం చూడండి. అంచున రంపపు బొరుసు ఉంటుంది, అది తగలకుండా చూసుకోండి. తూకంతోనూ సరిచూడవచ్చు. 20 అడుగుల 100×100 పైపు 4 ఎం.ఎం. మందానిదైతే దాదాపు 70 కిలోలు, 3.2 అయితే 58, 2 అయితే 36 తూగుతుంది. ఇద్దరు మనుషులు ఒక చేత్తో లేపేస్తున్నారంటే అది 4 ఎం.ఎం. కాదు. ధర్మకాటా చీటీ, బిల్లు రెండూ ఫోటో తీసి పెట్టుకోండి. కిలో రేటు మీద పని ఇచ్చినవాళ్లకు ఇంకో జాగ్రత్త: కోసి పారేసిన ముక్కల బరువు బిల్లులో ఉందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

*ప్రైమర్ కొట్టే ముందు.* వెల్డింగ్ అతుకు పైపు చుట్టూ నాలుగు వైపులా ఉండాలి. పైన రెండు చుక్కలు పెట్టి వదిలేయడం మామూలుగా జరిగే మోసం. అతుకు మీద పేరుకున్న గట్టి నల్లటి పొరను సుత్తితో కొట్టి రాల్చారా? రాల్చకపోతే దాని కింద తుప్పు మొదలవుతుంది, పెయింటు దానితోపాటే ఊడుతుంది. అతుకుల మీద లప్పం పూసి నున్నగా చేసి ఉంటే గీకించి చూడండి. లప్పం సందును కప్పుతుంది కానీ బలాన్నివ్వదు. తెరిచి ఉన్న పైపు చివరలన్నీ ప్లేటుతో మూసేశారా? మూయకపోతే లోపలికి నీళ్లు దిగి పైపు లోపలి నుంచి తింటుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఫ్యాను కొక్కెం కావాలంటే 12 ఎం.ఎం. రాడ్డుతో ఈరోజే వెల్డింగ్ చేయించండి. పెయింటయ్యాక చేస్తే చుట్టూ కాలిపోతుంది.

*పెంకు ఎక్కే ముందు.* పట్టీల పైభాగానికి పెయింటు పడిందా చూడండి. నిచ్చెన వేసుకుని పైనుంచే చూడాలి, కిందనుంచి కనిపించదు. ఐదారు పెంకులు వేలితో కొట్టండి. కంచులా మోగాలి. మొద్దుబారిన చప్పుడొస్తే బీటుంది, లేదా సరిగా కాలలేదు. ఒక పెంకును తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. రెండున్నర కిలోల పెంకు అరకిలో కంటే ఎక్కువ నీళ్లు తాగితే ఆ లోడు వెనక్కి పంపండి. పట్టీల దూరం మాత్రం పెయింటుకు ముందే, పట్టీలు వెల్డింగ్ చేసేటప్పుడే చూసుకోవాలి. దాన్ని అంకె చూసి కాకుండా పెంకును చూసి పెట్టాలి. నాలుగు పెంకులు పరచి, కొక్కేలు పట్టీకి సరిగ్గా పడుతున్నాయో చూసుకుని మిగతా పట్టీలు వెల్డింగ్ చేయమనండి. ఒక్కో భట్టీ పెంకు కాస్త తేడాగా ఉంటుంది.

తీరంలోనూ, గాలివానలు ఎక్కువగా ఉండేచోటా చూరు దగ్గరి రెండు వరసల పెంకులకు, మూలవాసాల పక్క పెంకులకు అడుగునున్న రంధ్రంలోంచి తీగ దూర్చి పట్టీకి కట్టించండి. గాలి ముందు లేపేది వీటినే.

8. కరెంటు, ఫ్లోరు

కరెంటు పైపు ఫ్లోరు బెడ్డు వేయకముందే వేయించాలి. లైట్లకు 1.5, ప్లగ్గుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఎర్తు తీగ తప్పనిసరి. ఇంటి బోర్డులో ఈ లైనుకు విడిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. తడికాళ్లతో నిలబడే చోట ఇనుప స్తంభాలున్నాయి, దీని దగ్గర పిసినారితనం వద్దు. ఇనుప ఫ్రేమును కూడా ఎర్తుకు కలపాలి.

ఫ్లోరు చుట్టూ నేల కంటే 6 నుంచి 9 అంగుళాలు ఎత్తు పెట్టండి. లోపల మొరం పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో కుదించి, 4 అంగుళాల బెడ్డు వేయాలి. పైన తాండూరు బండలు గాని, గరుకు టైల్సు గాని. నున్నటి విట్రిఫైడ్ టైల్సు వద్దు, వానకు తడిసి పెద్దవాళ్లు జారతారు. 12 అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు ఒక వైపుకు ఇవ్వాలి. ఫ్లోరు పని వెల్డింగ్ అంతా అయ్యాకే. రవ్వలు పడిన టైలు మీద మచ్చలు ఏం చేసినా పోవు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. బేస్ ప్లేటు, నట్లు కనిపిస్తే బాగుండదని వాటిని టైల్సు కింద కప్పేయమంటారు. మీరడక్కపోయినా మేస్త్రి అలాగే చేస్తాడు. ఫ్లోరు కడిగిన నీళ్లన్నీ అక్కడ చేరి ప్లేటును తినేస్తాయి, నట్టు ఎప్పుడు వదులైందో కూడా తెలియదు. పెడస్టల్ తల ఫ్లోరు కంటే రెండంగుళాలు పైకి ఉండాలి, ప్లేటు కింద సందంతా గ్రౌటుతో (సందుల్లో నింపే సిమెంటు ముద్ద) నింపాలి, నట్లు పైకి కనిపించాలి. అందం కావాలంటే విప్పి పెట్టుకునేలా రేకు తొడుగు చేయించుకోండి.

9. పని పూర్తయ్యాక, డబ్బు ఇచ్చే ముందు సరిచూడండి

- ట్యూబులో నీళ్లు నింపి నాలుగు స్తంభాల తల దగ్గర బీము మట్టం చూడండి. 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు.
- స్తంభం పక్కన దారానికి గుండు కట్టి వేలాడదీయండి. రెండు వైపులా చూడాలి. 8 అడుగుల ఎత్తులో 5 మిల్లీమీటర్ల లోపు వంపు సరే.
- ఒక స్తంభాన్ని తల దగ్గర ఇద్దరు పట్టుకుని గట్టిగా ఊపండి. చూరు కదిలితే మూల ఊతపైపులు కావాలి.
- గొట్టంతో కప్పు మీద నీళ్లు కొట్టండి. కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో వాలుకు పావుగంట. ఒకేసారి శిఖరం నుంచి పోస్తే ఎక్కడ కారుతుందో పట్టుకోలేరు. మూలవాసాల దగ్గర, శిఖరం కింద ప్రత్యేకంగా చూడండి.
- ఫ్లోరు మీద రెండు బకెట్లు పోసి నీళ్లు ఎక్కడైనా నిలుస్తున్నాయేమో చూడండి.
- ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నొక్కండి. స్విచ్ వెంటనే పడిపోయి కరెంటు ఆగాలి.

మిగిలిన పెంకులు ఇరవై ముప్పై దాకా ఉంచుకోమని ముందే చెప్పండి. రెండేళ్ల తరువాత అదే అచ్చు దొరకదు. కాంట్రాక్టర్లు మిగులును ఇంకో సైటుకు పట్టుకుపోతుంటారు.

ఆపి ఉంచిన 10 శాతం అక్టోబరు దాటాక ఇవ్వండి, కోస్తాలో అయితే డిసెంబరు దాటాక. ఇచ్చే ముందు కాంట్రాక్టర్ని పిలిచి, అతని ఎదుటే పదహారు బోల్టుల నట్లూ స్పానర్‌తో బిగించి చూడండి. వదులైనవి బిగించి, పెయింటు లేచినచోట గీకి ప్రైమర్, ఎనామిల్ వేయించి, జారిన పెంకులు సర్దించాక చెల్లించండి.